మదీనాబీ చార్జింగు అంగడి

నోరు మంచిదైతే ఊరు మంచిదైతాదంటారు. మదీనాబీ నోరు ఏ కోశానా మంచిది కాదు. అయినా కణేకల్లు చుట్టుపక్కల ఊర్లన్నీ ఆయమ్మవే. ఇదెట్ల సాధ్యమని నన్నడిగితే నేనేం చెప్పల్ల? బోరు లారీ తోలుకునేటోన్ని, పేరు ఓబులేసు. నాకు తెలిసింది చెప్తా. నచ్చితే వినండి, నచ్చకపోతే ఎవురి దోవ వాళ్ళది.

బస్టాండు దాటినాక బళ్ళారి రోడ్డు పక్కన ఒగ రేకుల అంగడి ఉండాది. గుమ్మం కాడ మేకుకు ఒగ డబ్బా తగిలించింటాది. ట్రాక్టరోడు గానీ, మైకుసెట్టోడు గానీ, బ్యాటరీ భుజాన ఎత్తుకొని వచ్చినోడు ఎవడైనా సరే, జేబులో ఉండే బీడీకట్ట, అగ్గిపెట్టె ఆ డబ్బాలో ఏసి లోపలికి కాలు పెట్టల్ల. మరిచిపోయినామా, అయిపాయ. "ఏమప్పా, అత్తగారింటికి వచ్చినావా పొగ ఊదుకుంటా? నడువు బయటికి!" అని రోడ్డంతా ఇనపడేట్లు అరుస్తాది. ఒగసారి మా లారీ ఓనరు శ్రీరంగప్పనే అట్ల గదిమింది. ఊర్లో పెద్ద రైతు ఆయన, పంచాయతీ చెప్పే మనిషి. మొగం మాడ్చుకొని బయటికి పోయి, బీడీ ఆర్పి, మల్లా లోపలికి వచ్చినాడు. రాక ఏం చేస్తాడు? ఈడ నుంచి ఉరవకొండ దాకా ఎతికినా ఆయమ్మ మాదిరి బ్యాటరీ చూసేటోళ్ళు ఇంగొకరు దొరకరు.

అసలు ఆ అంగడి ఆయమ్మ మొగుడు ఖాజాది. ఖాజా అన్న శానా మెత్తని మనిషి. పెద్దగా మాట్లాడడు. బ్యాటరీ మూతలు ఇప్పి లోపలికి ఒగసారి తొంగి చూస్తే చాలు, అది బతుకుతాదో లేదో చెప్పేస్తాండె. ఆ కాలంలో ఆయన కాడ కర్రపెట్టె మాదిరి ఒగ పెద్ద చార్జరు ఉన్నింది. ముందర ఒగ ముల్లు, కింద తిప్పే గుబ్బ. దానికి మొదలు పెట్టేది తెలుసు గానీ ఆపేది తెలీదు. మనిషి కాపలా ఉండి, నిండినాక ఆపల్ల. మా తట్టు కరెంటు సంగతి మీకు తెలిసిందే గదా. వస్తే ఎప్పుడు వస్తాదో, పోతే ఎప్పుడు పోతాదో, దాని పెండ్లాం గూడా చెప్పలేదు. మనిషి టీ తాగను పోయింటే వచ్చేస్తాది, బ్యాటరీ కుతకుత ఉడికిపోతాది. ఉడికిందంటే దాంట్లోంచి గ్యాసు లేస్తాది. ఆ గ్యాసుకు రంగుండదు. ఒగ్గ నిప్పురవ్వ చాలు దానికి.

ఇదంతా ఖాజాకు తెలీక కాదు. తొందర పెట్టినారు, అంతే. ఎండాకాలం, పెండ్లిండ్ల కాలం. మైకుసెట్టు కొండప్ప వచ్చి గుమ్మంలో నిలబడి "బిరీన ఇయ్యన్నా, పెండ్లికొడుకు జీపెక్కి కూచున్నాడు, పాటలు లేకుండా ఊరేగింపు ఎట్ల కదుల్తాది" అని ప్రాణం తీసేసినాడు. ఖాజా ఆ తొందరలో చేయి చాపి, స్విచ్ ఆపకుండానే, బ్యాటరీ మీది క్లిప్పు పీకినాడు. పీకిన చోట చిటుక్కుమనింది. ఆ తర్వాత ఢామ్మని పగిలిపాయ. యాసిడ్ అంతా ఆయన మొగానికి కొట్టింది.

నేను ఆ పొద్దు ఎదురుగ్గా టీ అంగట్లో ఉన్నా. కాలవ ఎండిపోయి నెల దాటింది. ట్యాంకరు అప్పుడే వచ్చిపోయింది, వీధిలో ఆడోళ్ళంతా బిందెలు నింపుకొని వాకిళ్ళలో పెట్టుకోనుండారు. మదీనాబీ ఇంట్లోంచి ఉరికొచ్చింది. అరవలే, ఏడవలే. మొగుని తల ఎనక్కి వంచి, కంటిరెప్పలు ఏళ్ళతో ఇప్పి పట్టుకొని, నీళ్ళు పోసింది. తన బిందె అయిపాయ. పక్కింటి బిందె ఎత్తింది. అదీ అయిపాయ. "తెండప్పా, చూస్తా నిలబడతారేమి!" అని గద్దించేసరికి నాకు తెలివొచ్చి, ఎదురిండ్ల ముందర ఉండే బిందెలన్నీ మోసుకొచ్చి ఇచ్చినా. వీధి వీధంతా తాగే నీళ్ళు ఆ మొగం మీద పోసింది. ఎవురూ అడ్డం రాలే. మా ఊర్లో నీళ్ళిచ్చేదంటే చిన్న సంగతి కాదు సామీ.

ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను నిలబడింది. అట్ల నీళ్ళు పోయకపోయింటే రెండూ పోయుండునని అనంతపురంలో కంటి డాక్టరు చెప్పినాడంట.

కన్నయితే ఒకటి మిగిలింది గానీ, మనిషి మిగల్లే. ఖాజా ఇంగ బ్యాటరీ కాడికి రాలే. పాము కరిచినోనికి తాడును చూసినా భయమే గదా. అగ్గిపుల్ల గీసిన చప్పుడు ఇనపడితే చాలు, ఉలిక్కిపడి లేచి పోతాండె. ఇంట్లో పొయ్యి ముట్టిస్తే పెరట్లోకి పోయి నిలబడతాండె. పిల్లోళ్ళు దీపావళికి టపాకాయ కాలిస్తే దుప్పటి కప్పుకొని వణికిపోతాండె.

చుట్టాలంతా వచ్చి అంగడి మూసేయండి అన్నారు. ఆయమ్మ ఊరుకుంటాదా? "నా మొగుడు పోగొట్టుకునింది ఒగ కన్ను. చేతులు కాదు, తెలివి కాదు. ఆయన లేచి వచ్చేదాకా అంగడి నేను తెరుస్తా. మీకు చేతనయితే బ్యాటరీలు తెండి, చేతకాకపోతే మీ ఇండ్లకు పోండి" అనింది. అనడమే కాదు, మరుసటి దినమే తలుపులు తెరిచి కూచునింది.

అంగడికీ ఇంటికీ నడుమ ఒగ పర్దా ఉన్నింది. ఖాజా దాని ఎనకాల కూచుంటాండె. ఆయమ్మ ఈతట్టు నుంచి అడిగేది, ఆయన ఆతట్టు నుంచి చెప్పేది. ఊర్లో పరాచికాలకు కొదవా? "మదీనాబీ ఇంట్లో పర్దా మొగునికప్పా" అని నవ్వుకున్నారు. ఆయమ్మ చెవిన పడింది. "అవునప్పా, అందగాడు. మీ దిష్టి తగులుతాదని లోపల పెట్టినా" అనింది.

ఏండ్లు గడిచినా ఆ అడిగేది మాత్రం ఆపలే. ఒగసారి నేను లారీ బ్యాటరీ తీసుకపోతే, మూతలు తీసి చూసి, పర్దా తట్టు తిరిగి "ఏమయ్యా, ఈ బ్యాటరీ గదిలో నీళ్ళు నల్లగుండాయి, ఏమయ్యింటాది?" అని అడిగింది. లోపల్నుంచి ఆయన నిదానంగా, ఓపిగ్గా చెప్పినాడు. ఇద్దరం బయటికొచ్చినాక నేను "అక్కా, పోయిన వారం ట్రాక్టరోనికి ఇదే సంగతి నువ్వే చెప్పినావు గదా, తెలిసి తెలిసీ ఎందుకడుగుతావు?" అన్నా.

"నోరు ముయ్యి ఓబులేసు" అనింది మెల్లగా. "నాకు తెలుసని ఆయనకు తెలిస్తే, ఇంగ ఆయన నాకు చెప్పేదేముంటాది? చెప్పే పని గూడా లేకపోతే ఆ మనిషి ఆ మూలనే అయిపోతాడు."

అప్పుడు అర్థమయింది నాకు. ఆయమ్మకు కావల్సింది అంగడి గాదు, బ్యారం గాదు. ఖాజా మల్లా వచ్చి తన చేత్తో క్లిప్పు పట్టుకోవల్ల. అది ఒక్కటే. దాని కోసరమే ఆ నోరు, ఆ అరుపులు, అంతా.

ఆటోమేటిక్ చార్జరు తెచ్చింది గూడా దాని కోసరమే. చీటీ పాడుకొని, బళ్ళారికి పోయి, బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చింది. మా తట్టు అట్లాంటిది అదే మొదటిది. చూడను మేమంతా ఎగబడినాము. బ్యాటరీ నిండితే అదే తగ్గించుకుంటాది, ఎర్ర దీపం పోయి పచ్చ దీపం వస్తాది. కరెంటు పోయి వచ్చినా ఉడకబెట్టదు. పుల్లన్న అని మా లారీలో పనిచేసేటోడు "ఇంగేమక్కా, మిషనే అంతా చూసుకుంటాదంట, నువ్వు కాళ్ళు చాపుకొని పండుకోవచ్చు" అన్నాడు. "అది బ్యాటరీ కడుపు చూసుకుంటాదప్పా, నీ బుద్ధిని చూసుకోదు" అనింది ఆయమ్మ.

ఆ సాయంత్రం పర్దా రవంత జరిగింది. ఖాజా ఒంటి కన్నుతో ఆ మిషన్ను శానాసేపు చూసినాడు.

"అదే ఆగుతాదా?" అన్నాడు.

"ఆగుతాది."

"గ్యాసు రాదా?"

రాదు అని చెప్పింటే ఆ పొద్దే ఆయన బయటికి వచ్చింటాడేమో. ఎన్నాళ్ళ నుంచో ఆ పొద్దు కోసరం కాచుకోనుండే మనిషి ఆయమ్మ. అయినా అబద్ధం చెప్పలే. "తక్కువ వస్తాది. అస్సలు రాదని నేను చెప్పను" అనింది. పర్దా మల్లా పడిపాయ. నేనయితే ఆ చోట అబద్ధం చెప్పేద్దును, నిజం చెప్తాండా.

ఆ మిషన్ వచ్చినాక ఆయమ్మ నోరు ఇంగా పదునెక్కింది. బ్యాటరీ ఇడిసిపెట్టి పోతామంటే ఒప్పుకోదు, నిలబడి చూసి నేర్చుకొని పోవల్ల. ఏళ్ళకుండే రాగి ఉంగరాలు, చేతి కడియాలు ముందు తీసేయల్ల. పానా జారి బ్యాటరీ మీది రెండు కొమ్ములకూ ఒకేసారి తగిలితే ఏలు కాలిపోతాదని చెప్తాది. ప్లస్సు కొమ్ముకు ఎర్ర క్లిప్పు, మైనస్సుకు నల్లది, రెండూ గట్టిగా కరిచినాయో లేదో ఊపి చూసి, అప్పుడే స్విచ్. తీసేటప్పుడు స్విచ్ ముందు ఆపల్ల, ఆ తర్వాతనే క్లిప్పు మీద చెయ్యి పడల్ల, అదీ నల్లది మొదలు. కండ్లకు అద్దాలు లేకుండా వంగి చూసినోని నెత్తిన మొట్టికాయ పడేది. పక్కన నీళ్ళ డ్రమ్ము ఎప్పుడూ నిండుగా ఉండేది, ఎంత కరువులోనైనా దాంట్లో చెంబు ముంచనిచ్చేది కాదు. పుల్లన్న ఒగసారి డిస్టిల్ వాటర్ బదులు బోరు నీళ్ళు పోసి తెచ్చినాడు. "మన బోరు నీళ్ళకు మనుషుల పండ్లే పుచ్చిపోతాండాయి, బ్యాటరీని ఇడుస్తాయా?" అని వాన్ని అంగడి ముందర నిలబెట్టి కడిగేసింది. పుల్లన్నకు పండ్లు ఎట్లా గారపట్టినవే, పాపం నోరు తెరవలేకపోయినాడు.

ఇంగ ఆ మహర్నవమి సంగతి చెప్తా.

ఆ ఏడు శ్రీరంగప్ప గూడా ఒగ ఆటోమేటిక్ చార్జరు తెప్పించుకున్నాడు. బోరు లారీలు ఎక్కువ, పడే నీళ్ళు తక్కువ. లారీ రెండు వారాలు తిరిగితే నాలుగు వారాలు నిలబడతాండె, నిలబడితే బ్యాటరీ దిగిపోతాండె. ఆయుధ పూజ దినం మంచిది గదా, ఆ పొద్దే మిషన్ మొదలు పెట్టల్లని మదీనాబీని పిలిపించినాడు. ఆయమ్మ మొగున్ని ఇడిసి యాడికీ పోదు. "ఇంట్లో గోడలు చూసుకుంటా కూచుంటావా, పద" అని గదిరిచ్చి ఎంట తెస్తాది. ఆయన వస్తాడు, దూరంగా కూచుంటాడు. ఆ పొద్దు గూడా లారీ నిలబెట్టే షెడ్డు తలుపు పక్కన స్టూలు ఏసుకొని కూచున్నాడు.

మేము లారీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలేసినాము. బ్యాటరీని దించి ఆ చివర చెక్కపలక మీద పెట్టించింది మదీనాబీ. పెద్ద తలుపులు తెరిపించింది, కిటికీ తెరిపించింది. క్లిప్పులు పెట్టి, స్విచ్ ఏసి, మా అందరి తట్టు తిరిగి "ఇది నడుస్తాండంగా అగ్గి అనేది దీని కాడికి రాగూడదు. ఇనపడిందా?" అనింది. ఇనపడకేం. బీడీలు, అగ్గిపెట్టెలు అందరమూ తీసుకపోయి బయట గోడ మీద పెట్టినాము. శ్రీరంగప్ప గూడా పెట్టినాడు. అంత బుద్ధిమంతులం మేము. ఆయమ్మ కుదురుపడి, ఇంట్లో ఆడోళ్ళు గుగ్గుళ్ళు తిందువు రమ్మంటే లోపలికి పోయింది.

హారతి పట్టల్సింది శ్రీరంగప్ప వాళ్ళమ్మ బయమ్మవ్వ. యంత్రం నడుస్తాండంగానే హారతి పట్టల్ల, ఆగిన యంత్రానికి పట్టగూడదని ఆయవ్వ పట్టుదల. మిషన్‌కు దండ ఏసినారు. బ్యాటరీకి గూడా కొత్త టవలు కప్పి, దాని మీద పూలు పోసినారు. హారతి తట్ట పట్టుకొని అవ్వ గుమ్మం కాడికి వచ్చింది. మా తట్టు గాలి ఊరుకుంటాదా? కర్పూరం ముట్టించంగానే ఆరిపాయ. మల్లా ముట్టించింది. మల్లా ఆరిపాయ. హారతి ఆరితే ఎంత కీడు! అవ్వ మొగం పాలిపోయింది. శ్రీరంగప్పకు తల్లి అంటే ప్రాణం. "తలుపులు మూయండప్పా, ఆ కిటికీ గుడక మూయండి" అన్నాడు. పుల్లన్న అన్నీ మూసినాడు.

ఒగ్గరికైనా తట్టిందా? తట్టలే. బీడీ అగ్గి. అగ్గిపెట్టె అగ్గి. హారతిని అగ్గి అని ఎవురనుకుంటారప్పా? అది దేవుడు!

అవ్వ తట్టలో ఉండే దీపంతో కర్పూరం ముట్టించింది. ఈసారి నిటారుగా ఎలిగింది. మేమంతా చేతులు జోడించినాము. అవ్వ మెల్లగా ఆ చివరికి అడుగులేస్తాండాది. అప్పుడు చూసినా నేను ఖాజాను. స్టూలు మీద బిగుసుకపోయి ఉండాడు. పూల కింద బ్యాటరీ కుసకుసమంటాండాది, పుల్లని వాసన షెడ్డంతా పట్టింది. మాకు అది పూల వాసన, సాంబ్రాణి వాసనలో కలిసిపాయ. ఆయనకు కలవలే. ఒంటి కన్ను ఆ మంట మీదనే ఉండాది. నోరు తెరుస్తాండాడు, మాట పెగల్లే. లేచి నిలబడినాడు. తలుపు ఆయన ఎనకాలే ఉండాది, ఒగ్గ తోపు తోస్తే బయటుంటాడు. పారిపోతాడనే అనుకున్నా.

పారిపోలే. గబగబా నడిచిపోయి అవ్వకు అడ్డంగా నిలబడినాడు. ఆ మంట ఆయన ఎదకు జానెడు దూరంలో ఉండాది.

"అవ్వా, ఆ తట్ట నాకియ్యి" అన్నాడు.

"ఏం నాయనా?"

"బయటికి తీసుకపోతా. ఆరిపోనియ్యను, నన్ను నమ్ము. ఆ బ్యాటరీ కాడికి మాత్రం పోవద్దవ్వా."

బయమ్మవ్వ ఆయన మొగం తట్టు చూసింది. ప్రతి ఏడూ పీర్లకు చక్కెర చదివించే ముసలమ్మ ఆయవ్వ. ఏమనుకున్నదో ఏమో, మారుమాట లేకుండా తట్ట ఆయన చేతుల్లో పెట్టింది.

"ఓబులేసూ, తలుపు తియ్యప్పా" అన్నాడు. నేను ఉరికి పోయి తలుపు తీసినా. అగ్గిపుల్ల చప్పుడుకు వణికే మనిషి, మండే హారతిని రెండు చేతులతో పట్టుకొని, గాలికి వీపు అడ్డం పెట్టి బయటికి నడిచినాడు. హారతి యాడికి పోతే జనం ఆడికి పోతారు. మేమంతా ఆయన ఎనకాలే బయటికి వచ్చినాము. శ్రీరంగప్పకు అప్పుడు తట్టింది. "అయ్యో దేవుడా, నా తల్లిని సంపుకునేవాన్నే" అని తల పట్టుకున్నాడు.

గలాట ఇని మదీనాబీ ఇంట్లోంచి వచ్చింది. వాకిట్లో మొగుడు, మొగుని చేతుల్లో అగ్గి. అన్నేండ్లలో ఆయమ్మ నోట మాట రాకుండా నిలబడింది నేను చూసింది అదే. ఆయన మాత్రం "ఆరిపోతే అవ్వ బాధపడతాది, బిరీన వచ్చి కండ్లకద్దుకోండి" అని మమ్మల్ని పిలుస్తాండాడు. బయమ్మవ్వ మొదట అద్దుకునింది. శ్రీరంగప్ప అద్దుకున్నాడు. నేను అద్దుకునేటప్పుడు చూసినా, ఆయన చెంప మీద నీళ్ళు కారుతాండాయి. నాకు గూడా ఆగలే.

అంతలో ఆయమ్మకు తెలివొచ్చింది. కొంగు దోపుకొని షెడ్డులోకి ఉరికి స్విచ్ ఆపింది. టవలు, పూలు తీసి పారేసింది. తలుపులు, కిటికీ బార్లా తెరిచింది. ఆ తర్వాత మా మీద పడింది. "మొక్కొద్దని నేనంటినా? బయట మొక్కితే దేవుడు రానంటాడా? దానికి ఊపిరాడకుండా గుడ్డ కప్పి, తలుపులు మూసి, ముందర అగ్గి పెడతారా! మీ తెలివి తెల్లారినట్లే ఉండాది!" పంచాయతీ చెప్పే శ్రీరంగప్ప తల వంచుకొని నిలబడినాడు. గాలి లోపలంతా తిరిగి ఆ పుల్లని వాసన పోయేదాకా ఎవుర్నీ గుమ్మం దాటనియ్యలే. ఇందాక మేము తిట్టుకున్న గాలే అది.

వాసన పోయినాక క్లిప్పులు తీయను వంగింది. ఎనక నుంచి "జరుగు" అని ఇనపడింది.

ఖాజా వచ్చి నిలబడి ఉండాడు. ఆయమ్మ కండ్లకున్న అద్దాలు తీసి ఆయనకు పెట్టింది. ఆయన స్విచ్ తట్టు ఒగసారి చూసినాడు. వంగి నల్ల క్లిప్పు మీద చెయ్యి ఏసినాడు. ఏసి, అట్లనే ఆగిపోయినాడు.

"చెయ్యి వణుకుతాండాది మదీనా."

"వణకనీ. వణుకుతానే తియ్యి. నేను ఈడే ఉండా."

నల్లది తీసినాడు. ఏమీ కాలే. ఎర్రది తీసినాడు. రెండూ చేతిలో పట్టుకొని, అవేమో కొత్తవయినట్లు చూస్తా నిలబడినాడు. మదీనాబీ ఆ పలక మీదనే బ్యాటరీ పక్కన కూలబడి, మేమంతా ఉండామని గూడా లేకుండా, ఎక్కెక్కి ఏడ్చింది.

"ఏడిస్తే ఏడువు గానీ, రవంత ఈతట్టు జరిగి ఏడువే" అన్నాడు ఖాజా. "ఆడ యాసిడ్ ఉండాది."